అర్జీ మీద సంతకం ఎందుకు పెట్టలేదంటే: మా కాలనీ సంక్షేమ సంఘానికి ఒక రిటైర్డ్ లైన్‌మన్ బహిరంగ లేఖ

సంఘం అధ్యక్షుడు గారికి, కార్యదర్శి గారికి, కమిటీ సభ్యులకు, కాలనీలోని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారాలు.

పోయిన ఆదివారం పొద్దున్నే సంఘం తరఫున ముగ్గురు మా ఇంటికి వచ్చారు. చేతిలో అర్జీ. సబ్‌స్టేషన్ ముందు ధర్నా చేసి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి చేతికి ఇస్తామన్నారు. కాఫీ ఇచ్చాను, కాగితం చదివాను, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేశాను. సాయంత్రానికల్లా "ఆయనెందుకు పెడతాడండీ, డిపార్ట్‌మెంటు మనిషి కదా" అన్న మాట గుడి అరుగు మీద పుట్టి నా చెవి దాకా వచ్చింది. ముప్పై ఏళ్ల పైన స్తంభాలెక్కిన మాట నిజమే. రిటైరై ఆరేళ్లయింది. ఇప్పుడు నాకు ఏ ఆఫీసరుతోనూ పని లేదు. నెల తిరిగేసరికి పెన్షన్ బ్యాంకులో పడుతుంది. మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు మా ఇంట్లోనూ పోతోంది. మొన్న మే నెలలో మా మనవరాలికి రాత్రంతా విసనకర్రతో విసిరింది నేనే.

మరి సంతకం ఎందుకు పెట్టలేదు? ఆ అర్జీలో ఉన్నది ఒకటే ముక్క: "మా కాలనీలో తరచూ కరెంటు పోతోంది, సిబ్బంది నిర్లక్ష్యం వహిస్తున్నారు, తగు చర్య తీసుకోగలరు." ఇలాంటివి ఆఫీసులో నేను ఎన్ని చూశానో లెక్కలేదు. కింద "లైను చెక్ చేయడమైనది, సప్లై నార్మల్" అని రాసి ఫైల్లో పడేస్తారు. అందులో అబద్ధం కూడా ఉండదు. వాళ్లు రాసే టైముకి సప్లై నార్మలే మరి! కరెంటు పోయిందంటే ఎక్కడ పోయింది, ఎందుకు పోయింది, ఎవరి వల్ల పోయింది అన్నది కాగితం మీద పడనంత కాలం ఆ కాగితం ఎవర్నీ ఏమీ అడగలేదు.

నేను మార్చి నుంచి ఒక పాత డైరీలో రాసుకుంటున్నాను. ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, తర్వాత లైను మీద పనిచేసే మన కుర్రాళ్లను కనుక్కుంటే ఏం తేలింది. నాలుగు పేజీలు నిండాయి. అందులోంచి కొన్ని చెబుతాను.

మొదటిది అందరికీ ఒళ్లు మండేది. తొలకరి నాలుగు చినుకులు పడ్డాయో లేదో కరెంటు పోయింది. "చినుక్కే పడిపోతే తుపానొస్తే ఏమవుతారు వీళ్లు" అని ఆ రోజు కాలనీ వాట్సాప్ గ్రూపులో తిట్టిపోశారు. తమాషా ఏమిటంటే కుండపోత వానకు నిలబడే లైను తుంపరకు పడిపోతుంది. ఎండాకాలమంతా రోడ్డు దుమ్ము, మనకైతే పైనుంచి సముద్రపు ఉప్పు గాలి, స్తంభం మీద తీగల్ని మోసే పింగాణీ ఇన్సులేటర్ల మీద పొరలా పేరుకుంటుంది. ఎండినంత సేపూ ఏమీ కాదు. తుంపర పడి ఆ పొర తడిసిందా, 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల కరెంటుకి అది దారి అయిపోతుంది. పెద్ద వానైతే కడిగేస్తుంది, గొడవ ఉండదు. ఇక ఎండకు కాగి కాగి ఉన్న పింగాణీ మీద చల్లటి నీళ్లు పడితే చిట్లుతుంది. అంతకుముందే గీత పడి ఉన్న వాటిలోకి నీరు దిగుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్, అంటే లైనుని దానంతటదే ఆపేసే పెద్ద స్విచ్, పడిపోతుంది.

అక్కడి నుంచి జరిగేది మీకెవరికీ కనపడదు. షిఫ్ట్ ఆపరేటరు కాసేపాగి ఒకసారి చార్జ్ చేసి, అంటే లైనులోకి కరెంటు వదిలి, చూస్తాడు. నిలబడితే మీకు అయిదు నిమిషాల్లో కరెంటు. మళ్లీ పడిపోతే లైనంతా నడవాల్సిందే. దారిలో స్తంభాల మీదున్న ఏబీ స్విచ్‌లు ఒక్కొక్కటే తెరిచి, సగం లైను విడదీసి మిగతా సగం చార్జ్ చేస్తూ, తప్పు ఏ ముక్కలో ఉందో పట్టుకోవాలి. వెంట్రుకంత గీత, పైన వాన, చేతిలో టార్చి. ఓసారి నేనూ ఇంకో కుర్రాడూ చేల గట్ల మీద మూడు కిలోమీటర్లు నడిచి, తెల్లారాక గానీ ఆ ఇన్సులేటర్‌ని పట్టుకోలేకపోయాం. అది మా తలల మీదే ఉంది. రాత్రి దాని కిందే కూర్చుని బీడీ కాల్చుకున్నాం.

దీనికి మందు ఉంది. వేసవి ముగిసే లోపు ఇన్సులేటర్లు తుడిచి, చిట్లినవి మార్చి, వదులైన జంపర్లు (తీగని తీగకి కలిపే లంకెలు) బిగించాలి. వానలకు ముందు చేసే మెయింటెనెన్స్ అంటే అదే. మన ఫీడరు మీద, అంటే సబ్‌స్టేషన్ నుంచి మనకొచ్చే లైను మీద, ఈ ఏడు ఆ పని ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఏ తారీఖున చేశారో అడగండి. అలా అడిగే అర్జీ అయితే నేను నిద్రలో లేపినా సంతకం పెడతాను.

ఇక డైరీలో నన్ను ఎక్కువ బాధపెట్టిన పేజీకి వస్తాను. మే నెల, రాత్రి పదిన్నర. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్లకు కరెంటు మూడు తీగల్లో వస్తుంది, ఒక్కో తీగ ఒక ఫేజు. గుడి వెనక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఫేజు ఫ్యూజు పోయింది. మూడో వంతు ఇళ్లకే చీకటి. నేను బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. నిమిషం గడవకుండానే ఒక్కో మేడలో లైట్లు వెలుగుతున్నాయి. త్రీ ఫేజ్ మీటరున్న వాళ్లంతా బోర్డు దగ్గరికి వెళ్లి చేంజ్ఓవర్ (ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకి మార్చే స్విచ్) తిప్పేశారు. పోయిన ఫేజు మీదున్న ఏసీలన్నీ పక్క ఫేజు మీద పడ్డాయి. పావుగంటకి అదీ పోయింది. మళ్లీ అందరూ తిప్పారు. ఇంకో అయిదు నిమిషాలకు మూడోది కూడా టప్ మంది. కాలనీ మొత్తం చీకటి. అప్పుడు గ్రూపులో మొదటి మెసేజ్ ఏమిటో తెలుసా? "లైన్‌మన్ ఫోనెత్తట్లేదు."

లెక్క చెబుతాను, వినండి. అది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్. ఇవతలి వైపు, అంటే మన ఇళ్ల వైపు, అది ఒక్కో ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు ఇవ్వగలదు. ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మోటార్లు పక్కన పెట్టినా ఒక ఫేజు మీద 19 ఏసీలు నడిస్తే దాని పని అయిపోయినట్టే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కట్టినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. అప్పుడు కాలనీలో ఏసీ ఉన్నది డాక్టరు గారింట్లో ఒక్కరికే. ఇప్పుడు మా వీధిలోనే ఏసీ లేని ఇల్లు వెతకాలి.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు వేయరంటారా? ఆఫీసు పుస్తకాల్లో మన కాలనీ ఇంకా ఫ్యాన్లూ ట్యూబులైట్ల కాలనీయే. మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని, అంటే ఇంత కరెంటు వాడతామని మనం ఆఫీసులో రాయించుకున్న లెక్క, ఒక అంకె ఉంటుంది. చూశారా ఎప్పుడైనా? చాలామందికి అక్కడ 1 కిలోవాట్ అని ఉంటుంది. ఇంట్లో మాత్రం రెండు ఏసీలు, గీజరు. అదనపు లోడ్ కడితే డిపాజిట్ కట్టాలి, ఫిక్స్‌డ్ చార్జీలు పెరుగుతాయి అని ఎవరూ ముందుకు రారు. "వాళ్లే వచ్చి చూసుకుంటారులే" అని ఊరుకుంటాం. కాగితం మీద లోడు లేకపోతే ఏ ఇంజినీరూ ఎస్టిమేటు పంపలేడు. పంపినా పైన కొర్రీ వేస్తారు.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే జనం మీద పడతారు. రాత్రి పన్నెండింటికి నలుగురు కుర్రాళ్లు బండ్లేసుకుని వచ్చి చుట్టూ నిలబడి "ఇప్పుడెయ్యి, మేం చూస్తాం" అంటారు. అప్పుడు ఏం చేస్తామంటే, వేయాల్సిన తీగకి ఇంకో రెండు పోగులు మెలేసి బిగించేస్తాం. నేనూ బిగించాను. ఇక ఫ్యూజు పోదు. ఫ్యూజు పోవడం ఆగితే జనం చప్పట్లు కొడతారు కూడా. కానీ ఫ్యూజు ఉన్నదే పోవడానికి. అది పోకపోతే కాలేది కేబులు, కేబులు తట్టుకుంటే కాలేది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి చుట్ట. అరగంటలో వచ్చే కరెంటు అప్పుడు మరునాటి సాయంత్రానికి వస్తుంది. పోయిన ఏడాది దసరా ముందు మనం అనుభవించింది అదే.

న్యూట్రల్, అంటే ఇంట్లోకి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే తీగ, దాని గురించి గ్రూపులో ఎవరూ మాట్లాడరు. దాని పేరు కూడా చాలామందికి తెలియదు. నాకు మాత్రం చీకటి కంటే అదంటేనే భయం. రెండో వీధి చివర మూడు ఇళ్లలో ఒకే రాత్రి టీవీలు, ఒక ఫ్రిజ్జు, సెటాప్ బాక్సులు కాలిపోయాయి, గుర్తుందా? "హై వోల్టేజ్ వచ్చింది" అన్నారు. సబ్‌స్టేషన్ నుంచి ఏమీ రాలేదు. స్తంభం మీద న్యూట్రల్ తీగ జాయింటు వదులై తెగింది. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉండే 415 వోల్టులను ఆ ఫేజుల మీదున్న ఇళ్లు పంచుకోవాల్సి వస్తుంది. ఎక్కువ సామాన్లు నడిచే ఇంటికి తక్కువ, రెండు లైట్లు వేసుకుని పడుకున్న ఇంటికి ఎక్కువ. 230 రావాల్సిన చోట 300 దాటి వస్తుంది. పొదుపుగా ఉన్న ఇంట్లోనే సామాను కాలుతుంది. ఇంతకంటే అన్యాయం ఇంకోటుంటుందా!

అది వచ్చే ముందు చెప్పే వస్తుంది. ఒక గదిలో లైటు మసకబారి, ఇంకో గదిలో లైటు భగ్గుమని వెలిగిందంటే, ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరిగి మళ్లీ నెమ్మదిస్తే, ఆలోచించకండి. మెయిన్ ఆపేసి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి "న్యూట్రల్ అనుమానం" అనే మాట వాడండి. ఊరికే "కరెంటు ఎక్కువ తక్కువ అవుతోంది" అంటే ఆ రాసుకునే అమ్మాయి లో వోల్టేజ్ అని రాసుకుంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్త్ పైపుల సంగతీ ఇదే. వాటి చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి ఉంటాయి. తడి ఉంటేనే అవి పనిచేసేది. మా రోజుల్లో వేసవిలో వారానికోసారి బిందెతో నీళ్లు పోసేవాళ్లం. గుడి వెనక దిమ్మె దగ్గర ఇప్పుడు ఆ గుంటల మీద చెత్త పోగేసి ఉంది. చెత్త వేసేది మనం, తీయించనిది కరెంటు డిపార్ట్‌మెంటు సెక్షన్ ఆఫీసు. ఇద్దరం ఇద్దరమే.

చెట్ల విషయానికొస్తే పేర్లు రాయను, చెట్లే చెబుతాయి. ఆరో లైనులో ప్రహరీ పక్కన ఉన్న కొబ్బరి చెట్టు మట్టలు ఈ ఏడు రెండుసార్లు తీగల మీద పడ్డాయి. ఎండు మట్టయితే జారిపోతుంది, పచ్చి మట్టయితే రెండు తీగల్ని కలిపేస్తుంది. కొట్టడానికి కుర్రాళ్లు వెళ్తే ఆ ఇంటి పెద్దావిడ "కల్పవృక్షం మీద కత్తి పెడతారా" అని తరిమేసింది. చెట్టు కొట్టొద్దమ్మా, ఏడాదికి రెండుసార్లు మట్టలు దింపించండి, అదీ లైనుకి ఎల్‌సీ (పని కోసం కరెంటు ఆపించే లైన్ క్లియర్) తీసుకున్న రోజే. కరెంటు ఉండగా ఇనుప కత్తి కట్టిన గెడతో ఎవర్నీ ఎక్కించకండి. ఈ గోదావరి పక్క ఊళ్లలో అలా పోయిన ప్రాణాలను నా చేతులతో దింపాను.

కాకులను మాత్రం ఏం అర్జీ పెట్టి ఆపగలం? ఇళ్లు కట్టే చోట పడేసిన బైండింగ్ వైరు ముక్కలు ఏరుకొచ్చి స్తంభం మీద గూడు కడతాయి. ఆ గూడు గాలికి కాస్త జరిగితే ఫీడరే పోతుంది. డైరీలో ఏప్రిల్ నెలలో రెండు ఎంట్రీలు గూడువే. ఇంకోటి ఉడుత. ట్రాన్స్‌ఫార్మర్ మీద తీగలు దిగే బుష్షింగుల మధ్య గెంతబోయి పాపం అక్కడే మాడిపోయింది. బిల్డింగు కట్టే మేస్త్రీలకు తీగ ముక్కలు ఊడ్చి గోతాంలో వేయమని చెప్పడమొక్కటే మన చేతిలో ఉన్నది.

పక్కింట్లో లైటుండి మీ ఇంట్లో లేకపోతే అది సబ్‌స్టేషన్ పాపం కాదు. ముందు మీటరు చూడండి. అందులో అంకెలు కనిపిస్తుంటే కరెంటు మీ గుమ్మం దాకా వచ్చినట్టే, తప్పు లోపల ఉంది. కనపడకపోతే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు జాయింటు మీద అనుమానపడాలి. అల్యూమినియం తీగకి రాగి తీగని ఊరికే మెలేసి చుడితే నాలుగు వానలకు అక్కడ తెల్లటి పొడి పట్టి, వేడెక్కి, మాడుతుంది. మన కాలనీలో సగం సర్వీసులు అలాగే ఉన్నాయి. దాన్ని మీరు ముట్టుకోకండి, లైన్‌మన్ చేత లగ్గు (తీగ చివర బిగించే లోహపు తొడుగు) వేయించండి.

లోపలైతే ఎక్కువసార్లు దొంగ గీజరే. ఎలిమెంటు చిట్లి నీళ్లలోకి కరెంటు లీకవుతుంది, ఆర్‌సీసీబీ, అంటే లీకు కనిపెట్టి కరెంటు ఆపేసే స్విచ్, పడిపోతుంది. ఎన్నిసార్లు పైకెత్తినా నిలబడదు. అన్ని స్విచ్‌లూ కట్టేసి, ప్లగ్గులు పీకి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ వస్తే ఏది పెట్టినప్పుడు పడుతుందో అదే దోషి. మా తోడల్లుడు గారింట్లో ఎవరో వైర్‌మన్ వచ్చి "ఇది పాడైందండీ" అని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపేసి అయిదొందలు తీసుకుపోయాడు. రెండు నెలలు ఆ ఇంట్లో కరెంటు ఒక్కసారి కూడా పోలేదు. నేను పండక్కి వెళ్లి బాత్రూము కుళాయికి టెస్టర్ పెడితే వెలిగింది. 30 మిల్లీ ఆంపియర్లకే పడిపోయే ఆ చిన్న డబ్బా మాటిమాటికీ పడుతోందంటే అది మిమ్మల్ని పేరుపెట్టి పిలుస్తున్నట్టే.

కొన్నిటికి ఎవర్నీ అనలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు మమ్మల్ని లారీల్లో తీసుకెళ్లారు. వీధికి వీధి స్తంభాలు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. అక్కడ ఫ్యూజు కాదు, ఊరే కొత్తగా వేయాలి. తర్వాతే ఆ నగరంలో తీగలు భూమిలోంచి వేసే పని మొదలైంది. అంతకు రెండేళ్ల ముందు, 2012 జూలై ఆఖరున ఉత్తర భారతమంతా గ్రిడ్ కూలి చీకట్లో ఉంటే మనకేమీ కాలేదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్ దానితో కలిసి నడవడం లేదు మరి, 2013 చివరి రోజున కలిపారు. ఆ ఏళ్లలో మనకు పోయింది గంటల లెక్కన కోత. ఉత్పత్తి చాలక వేసే కోత వేరు, ఇప్పుడు మన కాలనీలో పోతున్నది వేరు. రెంటినీ ఒకే తిట్టుతో తిడితే లాభం లేదు.

సెక్షన్ ఆఫీసుని వదిలేయమంటున్నానా? లేదండీ. ముందు చెప్పకుండా ఎల్‌సీలు తీసుకుంటున్నారు, అది తప్పు. ఫోన్ చేస్తే "లైన్ ట్రబుల్" అనే రెండు ముక్కలు తప్ప ఏమీ చెప్పరు, అది ఇంకా పెద్ద తప్పు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి నిబంధన ఉంది. దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. దసరా ముందు మనకెంత పట్టిందో నాకు గుర్తుంది. ఆ రోజు ఎవరైనా 1912లో ఫిర్యాదు నంబరు తీసుకున్నారా? ధర్నాకి మాత్రం షామియానా అద్దెకు మాట్లాడారు. సెక్షన్ ఆఫీసులో పని జరక్కపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వాళ్లకి కావలసింది తారీఖులు, ఫిర్యాదు నంబర్లు. నినాదాలు అక్కడ చెల్లవు.

ఇంకో మాట. మొన్న రాత్రి ఫ్యూజు వేయడానికొచ్చిన సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్ కుర్రాడి కాలరు పట్టుకున్నారు మనవాళ్లు. ఇరవై నాలుగేళ్లుంటాయి వాడికి. చేతికి గ్లౌజులు లేవు, నేను చూశాను. మీరు అడగాల్సింది ఆ గ్లౌజుల గురించి.

అర్జీ నేను మళ్లీ రాశాను, రెండు పేజీలొచ్చింది. గుడి వెనక ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య మూడు ఫేజుల్లో కొలిచి చెప్పమని, పక్కన ఇంకో 100 కేవీఏ వేసి ఇళ్లు పంచమని అడిగాను. రెండో వీధి న్యూట్రల్ జాయింట్లన్నీ మార్చమని, ఎర్త్ పైపులు పరీక్షించి విలువలు రాసివ్వమని, ఎల్‌సీ తీసుకునే రోజు ముందుగా ఫోన్లకు మెసేజ్ పెట్టమని అడిగాను. పని చేసే కుర్రాళ్లకు గ్లౌజులు, నడుం బెల్టు ఇవ్వమని కూడా. మన వైపు నుంచి ఏం చేస్తామో కింద రాశాను: దిమ్మె చుట్టూ చెత్త మేమే తీస్తాం, మట్టలు దింపిస్తాం, ఉన్న లోడు ఉన్నట్టు కట్టుకుంటాం.

ఆ చివరి ముక్క రాయబోతూ నా బిల్లు తీసి చూసుకున్నాను. 1 కిలోవాట్ అని ఉంది. మనవరాలి కోసం మూడేళ్ల కింద ఏసీ పెట్టించాను. ముప్పై ఏళ్లు ఊరందరికీ చెప్పినవాణ్ని, నా బిల్లు నేను చూసుకోలేదు. బుధవారం వెళ్లి డబ్బు కట్టి మార్పించుకున్నాను.

కాగితం మా ఇంట్లో ఉంది. వచ్చేటప్పుడు కిందటి నెల బిల్లు కూడా తెచ్చుకోండి. పేరు పక్కన కాంట్రాక్టెడ్ లోడు ఎంత, ఏసీలు ఎన్ని అని రెండు గళ్లు గీశాను. మొదటి వరుస నాది, నింపేశాను: 3 కిలోవాట్లు, ఒకటి.

ఇట్లు,
మీ కాలనీ నాలుగో వీధి రిటైర్డ్ లైన్‌మన్